రాగి ఉయ్యాలలు

ఆ భవనంలో ఆమెను అందరూ ల్యాబ్ అక్క అనేవాళ్ళు. వయసులో తనకంటే పెద్దవాళ్ళకీ ఆమె అక్కే, బడికెళ్ళే పిల్లలకీ అక్కే. రెండు వీధుల అవతలి రక్తపరీక్షల కేంద్రంలో ఆమె ఉద్యోగం. చెయ్యి చాపి కళ్ళు గట్టిగా మూసుకున్నవాళ్ళు "ఇంకా గుచ్చలేదా?" అని అడిగేలోపే దూది అద్ది "మడవండి" అనేది. అంత తేలిక చెయ్యి. ఆమె గురించి ఇంకో మాట కూడా ఉండేది: ఆ మొహం చూసి ఎవరూ ఏమీ పసిగట్టలేరని. కాగితం మీద ఎంత చెడ్డ ఫలితం ఉన్నా, అవతలివాళ్ళు ప్రాణాలు కళ్ళలో పెట్టుకుని చూస్తున్నా, "డాక్టరు గారికి చూపించండి" అనడమే తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి అలా అనీ అనీ ఇంటిదగ్గర కూడా ఆమె నోరు అలాగే తయారైంది.

పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చివరిదాకా తనే చూసుకుంది. తల్లి పోయాక ఆ రెండు గదుల ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. పిల్లినో కుక్కనో పెంచుకోమని ఇరుగుపొరుగు చెప్పారు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి నోరులేని జీవాన్ని గదిలో పెట్టి తాళం వేయడం పాపమనుకుంది. ఆ రోజుల్లోనే, ల్యాబు పక్కన కొత్తగా తెరిచిన మొక్కల షాపులో గాలి మొక్కను చూసింది. మట్టి లేదు, కుండీ లేదు. బూడిదరంగు ఆకులు మెలికలు తిప్పుకుని బల్ల మీద ఊరికే పడి ఉంది.

"ఇది బతికే ఉందా?" అని అడిగింది.

షాపావిడ నవ్వింది. "నిక్షేపంలా ఉందండీ. దీనికి వేళ్ళతో పనిలేదు, ఆకులతోనే తాగుతుంది. వారానికోసారి అరగంట నీళ్ళలో ముంచండి. తీసి, తలకిందులుగా పట్టుకుని విదిలించి, బాగా ఆరనివ్వండి. ఆకుల సందుల్లో నీళ్ళు నిలిచాయో, కుళ్ళిపోతుంది. వెలుతురు కావాలి గానీ ఎండ తగలకూడదు. అంతే. ఇంకేం అడగదు."

ఇంకేం అడగదన్న మాట ఆమెకు నచ్చింది. ఒకటి కొంది. తర్వాత దానికి తోడుగా ఇంకొకటి. రెండు మూడేళ్ళు గడిచేసరికి ముందుగది కిటికీ దగ్గర చెక్క అర నిండిపోయింది. సెలవురోజు పొద్దున్నే ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు నింపి, మొక్కలన్నీ అందులో వదిలి, పక్కన పీట వేసుకుని కూర్చునేది. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉన్న ఆకులు తడిసేకొద్దీ పచ్చబడుతుంటే చూడటం, ఆమెకు ఆ వారానికి అదే వేడుక.

ఆ ఇంటికి తమ్ముడు వచ్చి చేరాడు.

తమ్ముడిది మోటారు వైండింగ్ పని. ఊరికి ఆ చివర చిన్న షాపు ఉండేది. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, బట్టలుతికే మిషన్ల మోటార్లు అతని దగ్గరికి వచ్చేవి. మాడిన తీగంతా పీకి, మోటారు లోపలి గాడుల్లో కాగితపు పట్టీలు దూర్చి, వెంట్రుకంత రాగి తీగను వందల చుట్లు చుట్టి, ఆ చుట్టలను ఒక్కో గాడిలో పడుకోబెట్టి, దారంతో బిగించి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టేవాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పక్కన పిడుగు పడినా తలెత్తడని చెప్పుకునేవాళ్ళు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ షాపే అతని సంసారం.

మొదట కుడిచేతి బొటనవేలు వణికింది. నిద్ర చాలక అనుకున్నాడు. తర్వాత చెయ్యంతా వణికింది. వణుకుడు జబ్బు అన్నారు డాక్టర్లు. మందులతో అదుపులో ఉంటుంది కానీ పోదన్నారు. కొన్నాళ్ళు పంటి బిగువున నెట్టుకొచ్చాడు. ఒకరోజు అతను చుట్టిన పంపు మోటారు వాడిన వారానికే కాలి వెనక్కి వచ్చింది. విప్పి చూసుకున్నాడు. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, తీగ పైపూత రాసుకుపోయి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అతనే ఆ సాయంత్రం షట్టరు దించేశాడు.

ఒక పెట్టె బట్టలు, ఇంకో పెట్టె నిండా తీగ చుట్టలూ పనిముట్లూ తెచ్చుకున్నాడు. "ఈ తీగలెందుకురా ఇక్కడ?" అని అక్క అనలేదు. మంచం కింద చోటు చేసింది.

మొదటి నెలలు గడవడం కష్టమైంది. అతను కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, గోడవైపు చూస్తూ ఉండేవాడు. టీ గ్లాసు సగమే నింపమనేవాడు. ఎవరైనా తలుపు కొడితే లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. కింది అంతస్తులో ఉండే టీచరమ్మ ఒకసారి పలకరించడానికి వస్తే, "తలనొప్పిగా ఉందని చెప్పక్కా" అన్నాడు తలుపు చాటునుంచి. ఆమె విననే వింది, విననట్టు వెళ్ళిపోయింది.

ఒక సెలవురోజు అక్క తొట్టి ముందు కూర్చుని ఉండగా అతను వచ్చి నిలబడ్డాడు.

"వీటికి మట్టి లేదేంటక్కా?"

"అక్కర్లేదు. గాలి మొక్కలు."

"వేళ్ళు?"

"ఏదో నాలుగు ఉంటాయి, పట్టుకుని వేలాడటానికి. తిండికి కాదు."

కాసేపు చూశాడు. "అయితే నాలాంటివే. వేళ్ళు లేవు, నిన్ను పట్టుకుని వేలాడుతున్నాయి."

జోకే. కానీ అతను వచ్చాక వేసిన మొదటి జోకు. అక్క నవ్వి, వెంటనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నీళ్ళు చిందాయన్నట్టు.

ఆ వారం నుంచి మొక్కల పని అతనికి అప్పజెప్పింది. ఇష్టంగానే తీసుకున్నాడు. కుళాయి నీళ్ళు ముందురోజే పట్టి ఉంచేవాడు, వాసన పోవాలని. ఒక్కోదానికీ పేరు పెట్టాడు. వెండిరంగు జుట్టు విరబోసుకున్న పెద్దది ముసలమ్మ. ఉల్లిగడ్డలా ఉబ్బినది బొజ్జాయన. ఎటు తిప్పి పెట్టినా ఒరిగిపోయేది తాగుబోతు. అక్క ల్యాబు నుంచి రాగానే "ఇవాళ ముసలమ్మ గొంతు తడిసింది, కళగా ఉంది" అని కబురు చెప్పేవాడు.

ఒకనాడు ఆమె వచ్చేసరికి మాట లేదు, పలుకు లేదు. నీళ్ళలోంచి తీస్తుంటే చెయ్యి ఎగిరి ముసలమ్మ కింద పడిందట. ఒక పొడుగాటి ఆకు మధ్యలో విరిగి వేలాడుతోంది.

"ఒక్క ఆకేగా. దానికేం కాదు" అంది అక్క.

"మెత్తగా పట్టుకుంటే జారిపోతోంది, గట్టిగా పట్టుకుంటే నలిగిపోతోంది. నా చేతికి మధ్యలో ఇంకోటి లేదు" అన్నాడు.

రెండు రోజులు ఆ విరిగిన ఆకు వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడోనాడు మంచం కింద నుంచి పెట్టె లాగాడు.

పొద్దున మాత్ర వేసుకున్న కాసేపటికి చేతులు కాస్త మాట వినేవి. మధ్యాహ్నానికల్లా మళ్ళీ మొరాయించేవి. ఆ మధ్య దొరికిన సమయంలోనే, అక్క ఇంట్లో లేనప్పుడు, అతను ఏదో చేస్తూ పోయాడు. ఏం చేస్తున్నాడో చెప్పలేదు. నేల మీద సన్నటి గోధుమరంగు పొట్టు కనిపించేది. అడిగితే "చూద్దువులే" అనేవాడు.

ఒక సాయంత్రం తలుపు తీసేసరికి కిటికీ అంతా ఎర్రగా మెరుస్తోంది. పై కమ్మీ నుంచి వరసగా ఉయ్యాలలు వేలాడుతున్నాయి, రాగివి. మోటారు వైండింగుకి వాడే తీగనే పేటలుగా మెలిపెట్టి, చిన్న చిన్న జల్లి బుట్టల్లా అల్లి, పైన కొక్కెం తీశాడు. ఒక్కో ఉయ్యాలలో ఒక్కో మొక్క. అల్లికలో అక్కడక్కడా వంకరలున్నాయి; కానీ దూరం నుంచి చూస్తే ఆ వంకర కూడా కావాలని పెట్టినట్టే ఉంది.

"మొక్కని ముట్టుకోనక్కర్లేదక్కా. కొక్కెం పట్టుకుని ఉయ్యాలతో సహా నీళ్ళలో ముంచి, మళ్ళీ కొక్కెం పట్టుకుని తగిలించడమే. చెయ్యి వణికినా వాటికేం కాదు, ఊగుతాయంతే" అన్నాడు. "తీగకి పైన పూత ఉంటుంది, మసక గోధుమరంగు. అదంతా బ్లేడుతో గీకాను. లేకపోతే ఈ మెరుపు రాదు."

ఆమె ఒక్కో ఉయ్యాలనూ వేలితో మెల్లగా ఊపింది. "చాలా బావున్నాయిరా" అంది. అతను చేతులు దాచుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఆ తర్వాతి రోజులే ఆ ఇంట్లో మంచి రోజులు. టీచరమ్మ చూసి ముచ్చటపడి, "మాకూ ఒకటి చేసిపెట్టండి బాబాయ్ గారూ, నేనూ ఆ మొక్క కొనుక్కుంటా" అంది. ఆమెను చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి పై అంతస్తువాళ్ళు. మోటారు బాబాయ్ అని పేరు స్థిరపడింది. తలుపు కొడితే లోపలికి పారిపోయే మనిషి తనే వెళ్ళి తీయడం మొదలుపెట్టాడు. గ్లాసు నిండుగా పోయమన్నాడు. "ఏం చేస్తున్నారో గానీ అదే చేస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు.

మొదట తాగుబోతు ఆకుల కొనలు నల్లబడ్డాయి. అక్క పట్టించుకోలేదు, నీళ్ళు ఎక్కువైతే అలా అవుతుందని తెలుసు. నీళ్ళు తగ్గించమంది, తగ్గించాడు. తర్వాత బొజ్జాయన. తీగ ఆనిన చోటల్లా మచ్చ, మచ్చ చుట్టూ పసుపు. గాలి చాలడం లేదేమోనని కిటికీ తెరిచి ఉంచారు. ఒకరోజు ముసలమ్మను ఉయ్యాలతో సహా దించి పైకెత్తితే నడిమి ఆకులు కుదుళ్ళతో ఊడి చేతిలోకి వచ్చాయి. అప్పుడు తమ్ముడు స్నానాల గదిలో ఉన్నాడు. ఆమె గబగబా దాన్ని ఉయ్యాలతోనే సంచిలో వేసుకుని ల్యాబుకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మొక్కల షాపావిడ సంచిలోకి తొంగి చూసి, మొక్కను ముట్టుకోనైనా లేదు.

"రాగా ఇది?"

"అవును."

"అయ్యయ్యో. వీటికి రాగి పడదండీ. విషమే. అందులోనూ తడి తగిలితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఎవరండీ ఇందులో పెట్టింది?"

ల్యాబ్ అక్క సంచి మూతి ముడిచింది. "మిగతావి బతుకుతాయా?" అని అడిగింది.

"ఇవాళే తీసేస్తే కొన్ని బతకొచ్చు. ఉంచితే మాత్రం ఒక్కటీ మిగలదు."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ చెప్పేద్దామనే అనుకుంది. మెట్లెక్కుతుంటే లోపలి నుంచి మాటలు వినిపించాయి. పై అంతస్తాయనకు తమ్ముడు వివరిస్తున్నాడు, "చూశారా, పేట ఇలా మెలిపెడితే బరువు సమంగా పడుతుంది" అని. ఆ గొంతు మోటారు షాపులో ఉన్నప్పటి గొంతు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆమె తన మాటను మింగేసింది. ల్యాబుకి వచ్చేవాళ్ళ మొహం చూసి కాగితం మడిచి ఇచ్చేసినట్టే, దీన్నీ మడిచేసింది.

"ముసలమ్మేదక్కా?" అన్నాడు ఆయన వెళ్ళాక.

"కాస్త నలతగా ఉంటే షాపావిడకి చూపిద్దామని తీసుకెళ్ళా. రెండ్రోజులు ఉంచమంది."

రెండు రోజుల తర్వాత ముసలమ్మ లాంటిదే ఇంకొకటి కొని తెచ్చి ఉయ్యాలలో పెట్టింది. "నయమైందట" అంది. అతను దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కొక్కెం పట్టుకుని తగిలించేశాడు.

అబద్ధానికి ఆకలెక్కువ. ఒకటి పెడితే సరిపోదు. తాగుబోతు పోయింది, అలాంటిదే తెచ్చింది. బొజ్జాయన పోయాడు, ఇంకో బొజ్జాయన. సెలవురోజు మధ్యాహ్నం తమ్ముడు కునుకు తీసేటప్పుడు చచ్చినదాన్ని తీసి, బతికున్నదాన్ని పెట్టేది. చేస్తున్నది తెలిసే చేసేది: కళకళలాడే మొక్కను తన చేత్తో తెచ్చి విషంలో పడుకోబెడుతోంది. ఒక్కోసారి చెయ్యి ఆగేది. లోపలి గదిలోంచి అతని గురక వినిపించేది. మళ్ళీ కదిలేది.

తమ్ముడిలో ఏదో మార్పు వస్తోందని గమనించకపోలేదు. మళ్ళీ మాటలు తగ్గాయి. మొక్కలను పేర్లు పెట్టి పిలవడం మానేశాడు. పొయ్యి ఆర్పానా లేదా అని రెండుసార్లు వెళ్ళి చూసుకునేవాడు. "అక్కా, ఇవాళ ఏ వారం?" అని అడిగి, ఆమె చెప్పాక తలాడించేవాడు, పరీక్షలో పాసైనట్టు. జబ్బు తాలూకు దిగులనుకుంది. ఉయ్యాలలు అల్లడం మాత్రం మానలేదు కదా, అదే పదివేలనుకుంది.

టీచరమ్మ వచ్చిన రోజు అక్కకు సెలవు. తమ్ముడు బల్ల దగ్గర తీగ గీకుతున్నాడు. టీచరమ్మ చేతిలో ఉయ్యాల ఉంది, అందులో గడ్డిపోచల్లా ఎండిపోయిన మొక్క ఉంది. మనసులో కల్మషం లేని మనిషి. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"బాబాయ్ గారూ, మీకో మాట చెప్పాలి, ఏమనుకోకండి. మాది చచ్చిపోయింది. రెండోది కొంటే అదీ పోయింది. ఇదేంటా అని షాపుకి పట్టుకెళ్తే, రాగి వీటికి విషం అంటోంది ఆవిడ. మీరు ఇంతమందికి చేసిస్తున్నారు కదా, తెలిస్తే మంచిదని..."

తమ్ముడు బ్లేడు బల్ల మీద పెట్టాడు. "రాగా?"

"అవునట. నాకూ తెలీదు. పైగా ఆవిడ నాతో దెబ్బలాడింది కూడా. 'మీ పై అంతస్తు ల్యాబ్ అక్కకి ఎప్పుడో చెప్పానే, మీకు చెప్పలేదా' అని." అనేసి, అక్క మొహం చూసింది. ఆ మొహంలో ఎప్పటిలాగే ఏమీ లేదు. కానీ టీచరమ్మకు అర్థమైంది. "నేను మళ్ళీ వస్తానండీ" అని ఉయ్యాలను గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

తమ్ముడు తీగ చుట్టను పక్కకు జరిపాడు.

"ఎప్పుడు చెప్పింది?" అన్నాడు తమ్ముడు.

"ముసలమ్మని తీసుకెళ్ళినప్పుడు."

"ముసలమ్మ చచ్చిపోయిందా?"

"ఊఁ."

"మరి తెచ్చి పెట్టింది?"

"కొన్నా."

"మిగతావి?"

ఆమె తల దించుకుంది.

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "దీనికి విరిగిన ఆకు లేదు. నేను విరగ్గొట్టిన ఆకు. ఆ రోజు తిప్పి తిప్పి చూశా, లేదు. ఎండి రాలిపోయిందేమో అనుకుని తొడిమ కోసం వెతికా. అదీ లేదు. అసలు విరిగిందా, కలగన్నానా అనుకున్నా. తర్వాత బొజ్జాయనకి కింద పిలక ఉండేది. మాయమైంది. ఈ జబ్బు చేతులతో ఆగదని, కొందరికి మతి కూడా పోతుందని మా షాపులో ఎవరో అన్నారొకసారి. వచ్చిందిరా నాకూ అనుకున్నా. నువ్వు మందుల కిటికీ దగ్గరున్నప్పుడు డాక్టర్ని అడిగా."

"ఏమన్నాడు?"

"కొందరికి అవ్వచ్చు, కనిపెట్టుకుని ఉండమన్నాడు. కనిపెట్టుకునే ఉన్నా అక్కా. రోజూ పొద్దున లేవగానే నా పేరు, అమ్మ పేరు, షాపు పక్క షాపుల పేర్లు చెప్పుకుంటున్నా. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు."

ఆమె గోడకు ఆనుకుంది. "నువ్వు మళ్ళీ మనిషివయ్యావు రా. ఆ ఉయ్యాలలు చేస్తుంటే నీ మొహం... అది పోతుందని భయమేసింది. నీ మంచికే..."

"అల్యూమినియం తీగ ఉంది నా దగ్గర." అతని గొంతు పెరగలేదు. "మంచం కింద, డబ్బా నిండా. చవక మోటార్లకి అదే చుడతాం. లేదంటే రాగికే పైపూత గీకకుండా వదిలేద్దును, ఇంకో రెండు పూతలు వార్నిష్ వేద్దును. ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా. తప్పు జరిగితే విప్పి మళ్ళీ చుట్టడమే కదా నా పని జన్మంతా. నన్ను పనివాణ్ణి అనుకోలేదు నువ్వు. పేషెంటు అనుకున్నావు."

 ఆ మాటకి జవాబు ఆమె ఆ తర్వాత ఎన్నో రోజులు వెతుక్కుంది.

మర్నాడు పొద్దున మాత్ర వేసుకుని అతను మొత్తం భవనం తిరిగాడు. అక్క వెంట వస్తానంటే వద్దన్నాడు. మెట్లు ఎక్కుతూ, దిగుతూ, ప్రతి తలుపూ కొట్టి, "నేనిచ్చినది వెనక్కి ఇచ్చేయండి. అది మొక్కలకి పడదు. నాకు తెలీక చేశాను" అని చెప్పి తెచ్చుకున్నాడు. పోనివ్వండి బాబాయ్, ఊరికే అలంకారానికి ఉంచుకుంటాం అన్నవాళ్ళ దగ్గర కూడా పట్టుబట్టి తీసుకున్నాడు. మధ్యాహ్నం దాటిపోయి చెయ్యి ఎగిరెగిరి పడుతున్నా ఆగలేదు. ఆమె గుమ్మంలో నిలబడి, ఏ అంతస్తులో ఏ తలుపు తెరుచుకుంటోందో చప్పుడును బట్టి వింటూ ఉంది. చివరికి సంచి నిండా రాగితో వచ్చి, కిటికీకి ఉన్నవి కూడా ఒక్కోటీ దించాడు. మొక్కలను తీసి చెక్క అర మీద పెట్టబోతే రెండు కింద పడ్డాయి. వంగి తీసుకున్నాడు. సాయం చేయబోయిన ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది.

వాటిలో చాలామటుకు తర్వాతి వారాల్లో పోయాయి. ఒకటి రెండు మిగిలాయి, నల్లమచ్చలతో. నీళ్ళలో ముంచే పని మళ్ళీ ఆమెకే వచ్చింది.

ఆమె డబ్బాలోంచి అల్యూమినియం తీగ చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. వారం దాకా అది అక్కడే ఉంది. "ఒకటి చెయ్యరా" అని నోరు తెరిచి అడిగింది ఒకరోజు. అతను తీగ అందుకుని మెలిపెట్టబోయాడు. చలికాలం మొదలైంది, మాత్ర పనిచేసే సమయం కుదించుకుపోయింది. పేట జారి విప్పుకుపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. "చేతులు బావున్న రోజులు అయిపోయాయక్కా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. కోపమైనా ఉంటే బావుండుననుకుంది. ఆ మంచి రోజులన్నీ అతను విషపు తీగ గీకుతూ గడిపేశాడు. గడిపేలా చేసింది తనే.

అతను ఆమెతో మాట్లాడకుండా ఏమీ లేడు. పిలిస్తే పలికేవాడు, పెట్టింది తినేవాడు. కానీ ఆమె ఏం చెప్పినా ఒక్క క్షణం ఆగేవాడు. మాత్ర చేతిలో పెడితే పేరు చదువుకునేవాడు. "వాన పడేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు" అంటే కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం చూసేవాడు. సాధించాలని కాదు. ఆమె మాట మీద బరువు మోపి నిలబడటం అతని చేత కావడం లేదు, అంతే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన నెల వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ అక్కే వెంట వెళ్ళేది. ఆసుపత్రి వాళ్ళందరూ తెలిసినవాళ్ళే. ఆ ఉదయం ఆమె చీర మార్చుకుని వచ్చేసరికి టీచరమ్మ గుమ్మంలో ఇబ్బందిగా నిలబడి ఉంది.

"టీచరమ్మని రమ్మన్నా" అన్నాడు తమ్ముడు. "ఆవిడకి ఏది తోస్తే అది అనేస్తుంది. నాకిప్పుడు అలాంటివాళ్ళే కావాలి."

"నేనూ వస్తానురా."

"రా. బయట కూర్చో."

ముగ్గురూ వెళ్ళారు. అక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. తెల్లకోటు వేసుకున్న వాళ్ళు అటూ ఇటూ పోతూ ఆమెను చూసి "మీరేంటి ఇక్కడ?" అని పలకరించారు. పక్కన ఒకామె చేతిలో రిపోర్టు పట్టుకుని, అందులో అంకెల వైపు చూస్తూ, ఎవరైనా చెబితే బావుణ్ణన్నట్టు చుట్టూ చూస్తోంది. ఆమె చూపు ల్యాబ్ అక్క మీద ఆగింది. ల్యాబ్ అక్క తల తిప్పుకోబోయి, తిప్పుకోలేక, "ఏంటమ్మా?" అంది. ఆమె కాగితం చాపింది. అక్క చూసింది. మంచి అంకెలు కావు. "చక్కెర బాగా ఎక్కువుందమ్మా. భయపడేదే కానీ మందులున్నాయి. ఇవాళ డాక్టర్ని కలవకుండా వెళ్ళకు" అంది.  అవతలామె ఏడవలేదు. "చెప్పారు, అదే చాలు" అని కాగితం మడుచుకుంది.

లోపలి నుంచి ముందు టీచరమ్మ వచ్చింది, కళ్ళు ఎర్రగా. "నేను బస్సుకెళ్తానండీ, మీరు మెల్లగా రండి" అంది. వెనకాలే తమ్ముడు వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"మతి బావుందట. పరీక్షలు పెట్టారు, బొమ్మలు చూపించారు, గడియారం గీయమన్నారు. గీత వంకరే గానీ గడియారం సరైనదే" అన్నాడు.

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"మిగతాది బాలేదక్కా. ఎడమవైపు కూడా మొదలైంది. నడక తగ్గుతుందట. మాట కూడా మందగిస్తుందట, ఎంత కాలానికో చెప్పలేమన్నారు. మందు మోతాదు పెంచారు. పెంచినా పాతంత పనిచేయదు." ఒక్కో ముక్కా ఆగి ఆగి, గాడిలో తీగ పడుకోబెట్టినట్టు చెప్పాడు. "టీచరమ్మ అడిగింది అక్కకి ఏం చెప్తారని. ఉన్నది చెప్తానన్నా."

ఆమె అతని వైపు తిరిగింది. "నాకు భయంగా ఉందిరా."

ఆ మొహంలో అది కనిపించింది. అతను అంత దగ్గరగా అక్క మొహంలో ఏదైనా చూసి ఎన్నేళ్ళయిందో.

"నాకూ భయంగానే ఉంది" అన్నాడు.

మందుల కిటికీ దగ్గర వరస పొడుగ్గా ఉంది. అతను లేవబోతే కాలు వెంటనే కదల్లేదు. ఆమె చెయ్యి చాపింది, పట్టుకోమని అనలేదు. అతను కాసేపు చూసి పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళి వరస చివర నిలబడ్డారు. అతని చేతి వణుకు ఆమె మోచేతి దాకా వస్తోంది.